గర్భిణి కంచంలో ఏం చేర్చాలి

గర్భం నిలిచిందని తెలిసిన రోజు నుంచే తిండి గురించి సలహాలు మొదలవుతాయి. అత్తగారు ఒకటి చెబుతారు, పక్కింటావిడ ఇంకొకటి చెబుతుంది, ఫోన్లో వచ్చే వీడియోలు మరో పది చెబుతాయి. వాటిలో ఎక్కువ భాగం 'తినకూడదు' అనేవే. బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు, గుడ్డు వేడి చేస్తుంది, వంకాయ దురద తెస్తుంది, రాత్రిపూట ఆకుకూర అరగదు. అన్నీ పాటిస్తే చివరికి కంచంలో మిగిలేది అన్నం, పలచని చారు, కాస్త పెరుగు. మన దగ్గర గర్భిణులకు అసలు ప్రమాదం అక్కడే ఉంది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ లెక్క సగానికి పైనే.

అందుకే గర్భిణి పాటించబోయే ఏ ఆహార పద్ధతి గురించైనా ముందు అడగాల్సింది ఒకటే. అది రోజూ తినే భోజనానికి ఏమైనా చేరుస్తోందా, ఉన్నదాన్ని తగ్గిస్తోందా? తగ్గించేది ఎంత పేరున్న పద్ధతైనా ఈ తొమ్మిది నెలల్లో పనికిరాదు. అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కొవ్వుల మీదే గడిపే డైట్లు, రోజుకు 16 గంటలు ఏమీ తినకుండా ఉండే పద్ధతులు, జ్యూసులతో పొట్ట శుభ్రం చేస్తామనేవి, బరువు తగ్గించే పొడులు, అన్నీ పక్కన పెట్టాల్సిందే. ఇందులో భయపెట్టడం ఏమీ లేదు. కడుపులో బిడ్డకు కావాల్సిన గ్లూకోజు నిరంతరం తల్లి రక్తం నుంచే వెళ్తుంది. ముఖ్యంగా ఆరో నెల దాటాక, కొన్ని గంటలు తిండి లేకపోయినా గర్భిణి శరీరం మామూలు వాళ్లకన్నా త్వరగా కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది, అలా కరిగినప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో పెరుగుతాయి. కార్తీక మాసం ఉపవాసాలు, శనివారం ఒక్కపొద్దులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. రంజాన్ ఉపవాసాల్లో తల్లికో బిడ్డకో ఇబ్బంది అవుతుందనుకుంటే గర్భిణికి మినహాయింపు ఉంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు కూడా 'కడుపుతో ఉన్నదానివి, నీకెందుకమ్మా ఉపవాసం' అనడం మామూలే. ఆ మాట వినడం మంచిది.

ఎంత ఎక్కువ తినాలి

ఇక్కడ రెండు సలహాలు ఒకదానికొకటి ఎదురు నిలబడతాయి. 'ఇప్పుడు నువ్వు ఇద్దరి తిండి తినాలి' అనేది ఒకటి. 'ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది' అనేది రెండోది. రెండూ సరికాదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్కల ప్రకారం గర్భిణికి మామూలు రోజుల కన్నా అదనంగా కావాల్సింది రోజుకు 350 కిలో క్యాలరీలు. మొదటి మూడు నెలల్లో అదనంగా తినాల్సిన అవసరం దాదాపు ఉండదు. ప్రొటీన్ మాత్రం నెలలు నిండేకొద్దీ పెరగాలి. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా రోజుకు అదనంగా 9.5 గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు.

ఈ అంకెలను వంటింట్లో పెట్టి చూస్తే చాలా చిన్నవి. ఒక గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుశనగ పప్పులు, ఒక జామకాయ. అంతే, 350 కిలో క్యాలరీలు దాదాపు వచ్చేశాయి. పాలలో ఆరు గ్రాములు, గుడ్డులో ఆరు గ్రాములు, పల్లీల్లో ఐదు గ్రాములు కలిపితే ప్రొటీన్ కూడా 17 గ్రాముల దాకా వస్తుంది. మిగతాది పప్పు కొంచెం చిక్కగా వండుకుంటే సరిపోతుంది. గుడ్డు తినని వాళ్లు దాని బదులు ఒక కప్పు ఉడికించిన శనగలో, అలసందలో తినొచ్చు. ఇద్దరి తిండి అనే మాటను పట్టుకుని రెండు పూటలా అన్నం రెట్టింపు చేసుకుంటే శక్తి పెరుగుతుంది కానీ ప్రొటీన్, ఐరన్, క్యాల్షియం పెద్దగా పెరగవు. కొందరికి దాంతో షుగర్ సమస్య మొదలవుతుంది.

రెండో నమ్మకం ఇంకా ప్రమాదం. ఏడో నెల వచ్చాక తిండి తగ్గించమని చెప్పే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బిడ్డ బరువు పుంజుకునేది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే. 2.5 కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఒంట్లో వేడి నిలవడం, పాలు లాక్కోవడం, ఇన్‌ఫెక్షన్లను తట్టుకోవడం కష్టమవుతాయి. కాన్పు సులువు కావడం బిడ్డ బరువు ఒక్కదాని మీదే ఆధారపడదు. తల్లి కటి ఎముకల తీరు, బిడ్డ తల ఏ పక్కకు తిరిగి ఉంది, నొప్పులు ఎలా వస్తున్నాయి, ఇవన్నీ కలిస్తేనే కాన్పు. కడుపు మాడ్చుకుంటే వీటిలో ఒక్కటీ మారదు. నెలలు నిండాక రెండు ముద్దలకే పొట్ట బిగిసినట్టు ఉండటం నిజమే. దానికి దారి తిండి తగ్గించడం కాదు, మూడు పూటల భోజనాన్ని ఐదారు సార్లుగా విడదీసుకోవడం.

తిండి సరిపోతోందో లేదో తెలుసుకోవడానికి క్యాలరీలు లెక్కపెట్టక్కర్లేదు. తూకం యంత్రం చాలు. మామూలు బరువుతో గర్భం దాల్చిన మహిళ మొత్తం మీద 10 నుంచి 12 కిలోల దాకా పెరగడం మన దేశంలో సాధారణం. సన్నగా ఉన్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువ, ముందే బరువున్న వాళ్లు కొంచెం తక్కువ పెరగాలి. నాలుగో నెల నుంచి నెలకు ఒకటిన్నర, రెండు కిలోలు పెరుగుతుంటే సరైన దారిలో ఉన్నట్టే. ఒక నెలంతా బరువు కదలకపోయినా, ఒక్క వారంలో అమాంతం పెరిగి ముఖానికీ చేతులకూ నీరు చేరినా డాక్టర్‌కి చూపించాలి. రెండోది తిండి వల్ల వచ్చింది కాకపోవచ్చు, బీపీ పెరిగిందనడానికి గుర్తు కావచ్చు. కాళ్లకు నీరు వచ్చిందని ఉప్పు పూర్తిగా మానేయడం, మంచినీళ్లు తగ్గించడం వల్ల ఉపయోగం లేదు.

మాత్ర, మజ్జిగ, టీ

రక్తం పెరగడానికి దానిమ్మ, బీట్‌రూట్, ఖర్జూరం తినమని అందరూ చెబుతారు. మంచివే, తినాలి. కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి. గర్భిణికి రోజుకు కావాల్సిన ఐరన్ 27 మిల్లీగ్రాములు. మనం తినే ధాన్యం, పప్పు, ఆకుకూరల్లోని ఐరన్‌లో ఒంటికి పట్టేది చాలా కొద్ది భాగం. ఇప్పటికే రక్తం తక్కువగా ఉన్న మనిషికి పళ్లతో ఆ లోటు తీరదు. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు, 7 కన్నా తగ్గితే అది ఆసుపత్రిలో చూడాల్సిన పరిస్థితి.

అందుకే నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇస్తారు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో దీని మోతాదు 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. గర్భంతో ఉన్నప్పుడు కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. దీంతో పాటు రోజుకు రెండు సార్లు 500 మిల్లీగ్రాముల క్యాల్షియం మాత్ర. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఊళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం దగ్గర రెండూ ఉచితం.

మాత్రలు అందరికీ అందుతున్నా రక్తం పెరగకపోవడానికి ఒక కారణం మన భోజనం తీరులోనే ఉంది. తెలుగు ఇంట్లో భోజనం పెరుగన్నంతోనో మజ్జిగతోనో ముగుస్తుంది. చెయ్యి కడుక్కుని వెంటనే రెండు మాత్రలూ కలిపి వేసుకోవడం అలవాటు. పెరుగులోని క్యాల్షియం, మాత్రలోని క్యాల్షియం రెండూ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. గంటలోపు టీ తాగితే అందులోని టానిన్లు మిగిలిన కాస్తనూ పట్టుకుపోతాయి. మాత్ర వేసుకున్న మాట నిజం, ఒంటికి పట్టింది మాత్రం కొంచెమే.

దీన్ని సరిచేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. క్యాల్షియం మాత్రలు ఒకటి పొద్దున టిఫిన్‌తో, ఇంకొకటి రాత్రి భోజనంతో వేసుకోవాలి. ఐరన్ మాత్ర మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు, అంటే ఒంటిగంటకు తింటే మూడింటికి, నిమ్మరసం నీళ్లతోనో జామకాయ ముక్కలతోనో వేసుకోవాలి. వాటిలోని విటమిన్ సి ఐరన్ ఒంటికి పట్టేలా చేస్తుంది. సాయంత్రం టీని ఐదు గంటలకు జరుపుకుంటే చాలు. పప్పులో, ఆకుకూరలో చివర నిమ్మకాయ పిండుకోవడం కూడా ఇందుకే మంచిది.

మాత్ర మొదలుపెట్టాక మలం నల్లగా వస్తుంది, కొందరికి మలబద్ధకం, వికారం ఉంటాయి. మలం రంగు మారడం గురించి టెన్షన్ పడక్కర్లేదు. అది మాత్రలోని ఐరన్ రంగే. వికారం ఉంటే రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు, అప్పుడు రాత్రి భోజనంతో వేసుకున్న క్యాల్షియానికీ దీనికీ మధ్య రెండు గంటలు ఉండేలా చూసుకోవాలి. ఎంతకీ పడకపోతే మాత్ర మార్చమని డాక్టర్‌ని అడగాలే తప్ప చెప్పకుండా మానేయకూడదు. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనే భయంతో వాటిని పెట్టె అడుగున దాచేసే వాళ్లు ఉన్నారు. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది. ఐరన్ మాత్ర దాన్ని నల్లబరచదు, కుంకుమపువ్వు తెల్లబరచదు.

ఫోలిక్ యాసిడ్‌కు మాత్రం నాలుగో నెల దాకా ఆగకూడదు. బిడ్డ వెన్నుపాము, మెదడుకు ఆధారమైన నాళం గర్భం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. చాలామందికి గర్భం సంగతి ఖాయంగా తెలిసేలోపే ఆ గడువు అయిపోతుంది. పిల్లల కోసం చూస్తున్న వాళ్లు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని చెప్పేది అందుకే.

ఒక వింత కోరిక గురించి కూడా చెప్పాలి. బలపాలు, ముగ్గురాళ్లు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపించడం మన దగ్గర గర్భిణుల్లో చాలా మామూలు. కిరాణా కొట్లో బలపాల డబ్బా కొని కొంగుచాటున తినే వాళ్లుంటారు. ఇంట్లో చూసి నవ్వుతారు, లేదా తిడతారు. ఈ కోరిక తరచుగా ఐరన్ లోపంతో ముడిపడి ఉంటుంది. మట్టితో నులిపురుగుల గుడ్లు కడుపులోకి చేరొచ్చు, అవి రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. సిగ్గుపడకుండా ఏఎన్‌ఎంకి చెబితే రక్త పరీక్ష చేయిస్తారు, మొదటి మూడు నెలలు దాటాక నులిపురుగుల మాత్ర ఒకటి ఇస్తారు.

నిజంగా జాగ్రత్త పడాల్సినవి

నిషేధాల జాబితాలో బొప్పాయిదే మొదటి పేరు. ఇందులో సగం నిజం ఉంది. పచ్చి బొప్పాయిలో ఉండే పాలు ఎలుకల గర్భసంచి కండరాన్ని ముడుచుకునేలా చేశాయని ప్రయోగాల్లో కనిపించింది. బాగా మాగిన పండు గుజ్జుతో అలా జరగలేదు. కాబట్టి పచ్చికాయ, దోరకాయ వద్దు. మాగిన పండు ఒక ముక్క పొరపాటున తిన్నామని రాత్రంతా ఏడవాల్సిన అవసరం లేదు. నువ్వులు వేడి అని మానేస్తారు గానీ వంటల్లో వాడే మోతాదులో అవి హాని చేయవు, పైగా క్యాల్షియం ఇస్తాయి. గుడ్డు కూడా అంతే, బాగా ఉడికితే చాలు.

ఇన్ని నిషేధాల మధ్య అసలు జాగ్రత్త పడాల్సిన వాటి పేరు వినపడదు. అందులో మొదటిది నీళ్లు. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఇ కామెర్లు మామూలు మనుషుల్లో ఎక్కువగా వాటంతట అవే తగ్గిపోతాయి. అదే జబ్బు చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణికి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. జబ్బుపడిన వాళ్లలో 20 శాతం, 25 శాతం దాకా మరణాలు నమోదైన సందర్భాలున్నాయి. పానీపూరి నీళ్లు, రోడ్డు పక్క చెరుకురసంలో వేసే ఐసు, పెళ్లి భోజనాల్లో డ్రమ్ముల్లో పట్టి ఉంచిన నీళ్లు, కోసి పెట్టిన పండ్ల ముక్కలు, వీటి విషయంలో ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. కాచి చల్లార్చిన నీళ్ల సీసా ఒకటి చేతిలో ఉంటే చాలా మటుకు సమస్య తీరుతుంది. కాచని పాలు, సగం ఉడికిన మాంసం, పచ్చి గుడ్డు కలిపిన మయోనైజ్ కూడా వద్దు. మొలకలను పచ్చిగా కాకుండా ఆవిరి మీద ఉడికించి తినాలి.

కోస్తాలో సొర చేపకు మంచి పేరుంది, సొరపుట్టు బాలింతలకు పాలు పడతాయని పెడతారు. కానీ సొర లాంటి పెద్ద వేట చేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, అది బిడ్డ మెదడుకు మంచిది కాదు. చేపలు మానక్కర్లేదు, సొర బదులు బొచ్చె, రాగండి లాంటి చెరువు చేపలు, సముద్రపు చిన్న చేపలు తింటే చాలు. రక్తం పడుతుందని మేక కార్జం రోజూ పెట్టే ఇళ్లు కూడా ఉన్నాయి. కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువ, అది హద్దు దాటితే మొదటి నెలల్లో బిడ్డ అవయవాలకు చేటు చేస్తుంది. ఐరన్ మాత్ర ఉండగా కార్జం మీద ఆధారపడాల్సిన పని లేదు.

కాఫీ, టీ కలిపి రోజుకు రెండు చిన్న కప్పులతో ఆపుకుంటే ఇబ్బంది లేదు. కల్లు, సారా, బీరు ఏ మోతాదులోనూ వద్దు. ఉప్పు విషయంలో ఈమధ్య ఒక మార్పు కనిపిస్తోంది. ఆరోగ్యానికి మంచిదని అయోడిన్ కలిపిన ఉప్పు మానేసి సైంధవ లవణానికి మారుతున్నారు. బిడ్డ మెదడు ఎదుగుదలకు అయోడిన్ తప్పనిసరి, సైంధవ లవణంలో అది చాలినంత ఉండదు. ఈ తొమ్మిది నెలలూ, పాలిచ్చే కాలమంతా అయోడిన్ ఉప్పే వాడాలి.

వేవిళ్లు, షుగర్

మొదటి మూడు నెలల్లో వాంతులతో ఏమీ సయించని వాళ్లకు పైన చెప్పినవన్నీ చదివితే దిగులేస్తుంది. అప్పుడు పడిందే తినొచ్చు. లేవగానే మంచం మీదే నాలుగు మరమరాలో రస్కో తిని కాసేపాగి లేవడం, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినడం, నీళ్లను భోజనంతో కాకుండా మధ్యలో తాగడం చాలామందికి పనిచేస్తాయి. మంచినీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం ముదురు పసుపులో కొద్దిగా వస్తుంటే, బరువు తగ్గుతుంటే ఇంటి చిట్కాలతో కూర్చోకూడదు.

షుగర్ సంగతి వేరు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్‌కు పైకి కనిపించే లక్షణాలు చాలామందిలో ఉండవు. అందుకే ప్రభుత్వ నిబంధనల ప్రకారం ప్రతి గర్భిణికీ మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి పరీక్ష చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు, పరగడుపున వెళ్లాల్సిన అవసరం లేదు. 140 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ ఉన్నట్టు.

ఈ మాట వినగానే అన్నం పూర్తిగా మానేసి రెండు చపాతీలతో సరిపెట్టే వాళ్లు చాలామంది. ఆకలితో ఉండటం ఇక్కడ కూడా తప్పే. పిండిపదార్థాలను తీసేయడం కాదు, విడదీయాలి. ఒక్కసారే పెద్ద కంచం అన్నం బదులు కప్పు అన్నం, దానికి రెట్టింపు కూర, చిక్కటి పప్పు, గుడ్డు లేదా చేప, మధ్యలో మజ్జిగ, శనగలు, జామకాయ. పండ్ల రసం కాకుండా పండు. రాగి జావ మంచిదే గానీ పలచగా, బెల్లంతో, గ్లాసుల కొద్దీ తాగితే అది కూడా షుగర్‌ను పెంచుతుంది. రాగిని సంగటిగా, కూరతో కలిపి తినడం మేలు. రెండు వారాలు ఇలా తిన్నాక భోజనమైన రెండు గంటలకు షుగర్ 120 లోపు ఉంటే అలాగే కొనసాగించొచ్చు. లేకపోతే మందులో, ఇన్సులిన్‌లో అవసరమవుతాయి. ఇన్సులిన్ వచ్చిందంటే ఆమె తిండిలో తప్పు చేసిందని కాదు. గర్భంలోని హార్మోన్లే ఇన్సులిన్‌ను పనిచేయనివ్వని పరిస్థితి అది.

ఎవరి కంచంలోకి వెళ్తోంది

ఆహార ప్రణాళిక ఎంత సులువుగా ఉన్నా అది ఇంట్లో వడ్డన దగ్గరే నిలుస్తుంది లేదా పడుతుంది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం ఈ విషయాన్ని సరిగ్గా పట్టుకుంది. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టడం, అక్కడే ఐరన్ మాత్ర వేయించడం దాని పద్ధతి. పైన లెక్క వేసిన అదనపు ఆహారంలోని పాలు, గుడ్డు అందులోనే ఉన్నాయి. ఇంటికి ఇచ్చే సరుకులతో వచ్చే చిక్కు ఏమిటంటే గుడ్లు, పాలు ఇంటిల్లిపాదికీ పంచబడతాయి. కోడలు అందరికీ పెట్టి చివర్లో కూర్చుంటుంది, అప్పటికి కూర అడుగంటి ఉంటుంది. ఆమె ముందు తినడం, ఆమె గుడ్డు ఆమెకే ఉండటం, ఇవి డాక్టర్ చీటీలో రాయని విషయాలు. భర్త, అత్తగారు పట్టించుకుంటేనే జరుగుతాయి.

బీపీ, థైరాయిడ్, కిడ్నీ సమస్య, కవలలు, ముందు జరిగిన బరువు తగ్గించే ఆపరేషన్, ఇలాంటివి ఉన్నవాళ్లకు పై మోతాదులు మారతాయి. వాళ్లు డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి. మాంసం, గుడ్డు, పాలు ఏవీ తీసుకోని వాళ్లు విటమిన్ బి12 గురించి ప్రత్యేకంగా అడగాలి. సీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరలు, గాజులతో పాటు తల్లీబిడ్డల కార్డు, రిపోర్టులు, కనీసం నెలకు సరిపడా ఐరన్, క్యాల్షియం మాత్రలు పెట్టెలో ఉండాలి. కొత్త ఊళ్లో ఏఎన్‌ఎం దగ్గర పేరు నమోదయ్యేలోపు రెండు మూడు వారాలు గడిచిపోతాయి, బిడ్డ బాగా ఎదిగే ఆ రోజుల్లోనే మాత్రలు ఆగిపోవడం చాలామందికి జరుగుతుంటుంది.